గోడరాతలు నమ్మి గుల్ల కావద్దు: పటుత్వ లోపానికి ఆస్పత్రిలోనే మందుంది

గుంటూరు: బస్టాండు గోడల మీద, రైలు కట్ట పక్కన ప్రహరీల మీద, మూత్రశాలల తలుపుల మీద 'నరాల బలహీనత', 'మగతనం', 'ఒక్క కోర్సుతో గ్యారంటీ' అన్న రాతలు చూడని పల్లెటూరి మనిషి ఉండడు. వాటి కింద ఒక లాడ్జి గది నంబరు, ఒక ఫోను నంబరు ఉంటాయి. ఇప్పుడా రాతలు గోడలు దిగి సెల్‌ఫోన్లలోకి కూడా వచ్చేశాయి. భార్యకు చెప్పుకోలేక, డాక్టరును అడగలేక, ఎవరూ చూడకుండా ఆ గది తలుపు తట్టేవారు నేటికీ తక్కువేమీ లేరు. మిర్చి అమ్మిన డబ్బు, పాల డబ్బు అక్కడే ఖర్చయిపోతుంది. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

వైద్యులు అంగస్తంభన లోపం అని పిలిచే ఈ జబ్బు శాపం కాదు, పాపఫలం కాదు. యవ్వనంలో చేసిన తప్పులకు శిక్ష అంతకన్నా కాదు. షుగరు, రక్తపోటు లాగే ఇదీ ఒంటికి వచ్చే జబ్బే. చాలామందిలో నయమవుతుంది, లేదా అదుపులోకి వస్తుంది. అయితే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. నలభై ఏళ్ళు దాటిన మనిషికి ఈ లోపం కొత్తగా వస్తే అది గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరిక కావచ్చు. దాన్ని సిగ్గుతో దాచుకున్నవాడు పోగొట్టుకునేది పడకసుఖం ఒక్కటే కాదు, ప్రాణం కూడా కావచ్చు.

ఏది జబ్బు, ఏది కాదు?

పొలం పని చేసి అలసిన రాత్రో, అప్పు బాధలో ఉన్నప్పుడో, తాగిన మత్తులోనో ఒకటి రెండుసార్లు విఫలమైతే అది జబ్బు కాదు. కోరిక ఉండి కూడా అంగం గట్టిపడకపోవడం, గట్టిపడినా నిలవకపోవడం మూడు నెలలకు పైగా సాగితే అప్పుడు దాన్ని జబ్బుగా చూడాలి.

త్వరగా వీర్యం పడిపోవడం వేరు, పిల్లలు పుట్టకపోవడం వేరు, ఈ లోపం వేరు. మూడింటినీ కలిపి 'నరాల బలహీనత' అనే ఒకే పేరుతో పిలవడం గోడరాతల వారి అలవాటు. పటుత్వం బాగా ఉన్నవాడికి వీర్యకణాలు తక్కువగా ఉండవచ్చు. పటుత్వం తగ్గినవాడి వీర్యకణాలు చక్కగా ఉండవచ్చు. ఏ ఇబ్బందికి ఆ పరీక్ష, ఏ జబ్బుకు ఆ మందు.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1987-89 మధ్య 40 నుంచి 70 ఏళ్ళ మగవారిని పరిశీలించగా, నూటికి 52 మందిలో ఎంతో కొంత ఈ లోపం కనిపించింది. షుగరు ఉన్నవారికి ఇతరులకన్నా పది, పదిహేనేళ్ళు ముందుగానే వస్తుంది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో వెల్లడించింది. దీన్నిబట్టి ప్రతి ఊళ్ళోనూ ఈ బాధను లోలోపలే మింగుకుంటున్నవారు ఎందరుంటారో ఊహించవచ్చు.

చివరి బోదె ముందు ఎండుతుంది

సాగర్ కాలువ కింద సేద్యం చేసేవారికి ఈ జబ్బు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మనసులో కోరిక పుట్టగానే మెదడు నరాల ద్వారా కబురు పంపుతుంది. ఆ కబురుతో అంగంలోని రక్తనాళాలు వదులవుతాయి. తూము ఎత్తితే మడిలోకి నీరు పారినట్టు, స్పాంజి లాంటి కండరంలోకి రక్తం వచ్చి నిండుతుంది. నిండిన రక్తం బయటికి పోకుండా సిరలు నొక్కుకుపోతాయి, అంటే గట్టు గండి పూడినట్టే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా పటుత్వం నిలవదు.

తూము ఎత్తే పని చేసేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. మన రక్తనాళాల గోడల్లో, నరాల కొసల్లో అది పుడుతుంది. శరీరంలో దాని పాత్రను కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాలువలో పూడిక పేరుకుంటే మొదట నీరందనిది చిన్న బోదెకే. పెద్ద కాలువ ఇంకా పారుతున్నట్టే కనిపిస్తుంది. ఒంట్లోనూ అంతే. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. గుండెకు రక్తం ఇచ్చే ధమనుల వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. షుగరు, కొవ్వు, పొగ వల్ల రక్తనాళాల్లో పూడిక పడితే ముందు చిన్నది మూసుకుంటుంది. అందువల్ల పటుత్వ లోపం కనిపించిన రెండు నుంచి ఐదేళ్ళకు గుండెజబ్బు బయటపడటం చాలామందిలో చూస్తున్నామని వైద్యులు అంటున్నారు. ఆ గడువులో పరీక్ష చేయించుకున్నవాడు గుండెపోటును తప్పించుకోవచ్చు. అదే గడువును లాడ్జి మందులతో గడిపినవాడికి ఆ అవకాశం చేజారుతుంది.

కారణాలు అనేకం

షుగరు రక్తనాళాలనూ నరాలనూ రెండింటినీ దెబ్బతీస్తుంది కనుక దానిదే అగ్రస్థానం. తర్వాత రక్తపోటు, కొలెస్టరాలు, ఊబకాయం. చుట్ట, బీడీ, సిగరెట్ల పొగ నాళాలను బిగబట్టి పాడుచేస్తుంది. మందు కొడితే హుషారు వస్తుందనుకుంటారు కానీ, రోజూ తాగేవాడి నరాలు, కాలేయం, హార్మోన్లు మూడూ చెడిపోతాయి. వెన్నుపూసకు దెబ్బ తగిలినవారికి, ప్రోస్టేటు గ్రంథికి పెద్ద ఆపరేషను అయినవారికి కూడా ఈ లోపం రావచ్చు.

వాడే మందులు కూడా ఒక్కోసారి కారణమవుతాయి. కొన్ని రకాల బి.పి. మాత్రలు, మానసిక వ్యాధుల మాత్రలు పటుత్వాన్ని తగ్గిస్తాయి. అలాగని బి.పి. మాత్రను ఎవరికి వారు ఆపేస్తే పక్షవాతం రావచ్చు. సంగతి డాక్టరుకు చెబితే అదే పని చేసే వేరే మాత్రకు మారుస్తారు. కానీ చెప్పేవారే లేరు. 'ఈ మాత్రలు వేసుకున్నప్పటి నుంచి మగతనం పోయింది' అని అరుగుల మీద చెప్పుకుని మాత్రలు మానేసేవారే ఎక్కువ.

మనసు వల్ల వచ్చే లోపం మరొకటి. పెళ్ళయిన కొత్తలో భయం, ఒకసారి విఫలమైతే మళ్ళీ అవుతుందన్న బెంగ, దంపతుల మధ్య మనస్పర్థలు, దిగులు ఇందుకు కారణాలు. దీన్ని గుర్తించడానికి ఒక సులువైన ఆనవాలు ఉంది. తెల్లవారుజామున నిద్రలో పటుత్వం మామూలుగా వస్తూ, భార్య దగ్గర మాత్రమే రాకపోతే ఒంట్లో లోపం లేదని, మనసులోనే బెంగ ఉందని చాలావరకు అనుకోవచ్చు. కుర్రవాళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి ధైర్యం చెప్పడమే సగం మందు.

నలభై రక్తపు చుక్కల మాట

నలభై రక్తపు చుక్కలకు ఒక వీర్యపు చుక్క అని, అది పోతే బలమంతా పోతుందని తాతల నాటి నుంచి ఒక మాట ఉంది. వైద్యశాస్త్రంలో దీనికి ఆధారం లేదు. వీర్యం ఒంట్లో నిత్యం తయారవుతూనే ఉంటుంది. నిద్రలో పోయినా, హస్తప్రయోగంతో పోయినా బలం తగ్గదు, నరాలు చెడవు. 'ధాతువు పోతోంది' అన్న భయంతోనే చిక్కిపోయి, నిద్రపట్టక ఆస్పత్రులకు వచ్చే యువకులను చూసి, మన దేశపు మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే ఈ భయాన్ని ఒక మానసిక సమస్యగా వర్ణించి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. లాడ్జి వైద్యానికి పెట్టుబడి కూడా ఈ భయమే.

కుటుంబ నియంత్రణ ఆపరేషను మీద ఉన్న అపోహ కూడా ఇలాంటిదే. మగవారికి చేసే వేసెక్టమీలో వీర్యకణాలు వచ్చే సన్నని గొట్టాన్ని మాత్రమే కత్తిరిస్తారు. పటుత్వానికి సంబంధించిన నరాన్నీ, రక్తనాళాన్నీ ముట్టుకోరు. హార్మోను ఎప్పటిలాగే రక్తంలో కలుస్తుంది. ఈ అపోహ వల్లనే మగవారికి చేయవలసిన చిన్న ఆపరేషనుకు బదులు ఆడవారే కడుపు కోయించుకోవలసి వస్తున్నది.

గుండె మందు నుంచి పుట్టిన మాత్ర

ఈ జబ్బుకు నేడు మొదట ఇచ్చేది మాత్రలే. వాటి పుట్టుక వింతైనది. ఇంగ్లండులోని శాండ్‌విచ్ పట్టణంలో ఫైజర్ కంపెనీ శాస్త్రజ్ఞులు గుండెనొప్పికి సిల్డెనాఫిల్ అనే మందును పరీక్షిస్తుండగా, గుండెనొప్పికి అది అంతగా పనిచేయలేదు కానీ దాన్ని వేసుకున్న మగవారిలో పటుత్వం పెరిగినట్టు తేలింది. 1998 మార్చిలో అమెరికా ప్రభుత్వం దాన్ని ఆమోదించింది. అదే వయాగ్రా. 2003లో టాడాలాఫిల్ అనే మరో మందుకు అక్కడ ఆమోదం లభించింది. ఈ రెండూ మన దేశపు కంపెనీల తయారీలో తక్కువ ధరకే దొరుకుతున్నాయి.

ఈ మాత్ర తూము ఎత్తదు. ఎత్తిన తూమును మూసేసే పదార్థం ఒకటి ఒంట్లో ఉంటుంది. దాన్ని కాసేపు ఆపుతుంది, అంతే. కాబట్టి కోరిక, ప్రేమ లేనిదే మాత్ర వేసుకున్నా ఫలితం ఉండదు. సిల్డెనాఫిల్‌ను సుమారు గంట ముందు వేసుకోవాలి. కడుపు నిండా నూనె పదార్థాలు, మాంసం తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. టాడాలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. దీన్ని తక్కువ మోతాదులో రోజూ వాడే పద్ధతి కూడా ఉంది. ఒకసారి వేసుకుని పనిచేయలేదని మానేయకూడదు. వేర్వేరు రోజుల్లో నాలుగైదు సార్లు సరిగ్గా వాడి చూసిన తర్వాతే మోతాదు మార్చాలా, మందు మార్చాలా అన్నది డాక్టరు తేలుస్తారు. ఎక్కువమందికి ఇవి పనిచేస్తాయి. షుగరు బాగా ముదిరినవారికి కొంత తక్కువగా పనిచేస్తాయి. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ వంటివి కొందరికి వచ్చి పోతాయి.

ఈ ఒక్క ప్రమాదం మరువరాదు

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర, ఆ జాతికి చెందిన ఇతర నైట్రేటు మందులు వాడేవారు ఈ మాత్రలను ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోరాదు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి మనిషి ప్రాణానికే ముప్పు వస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల లోపు, టాడాలాఫిల్ వేసుకున్న 48 గంటల లోపు ఛాతీలో నొప్పి వస్తే, ఆ మాత్ర వేసుకున్న సంగతి డాక్టరుకు ముందుగా చెప్పాలి. సిగ్గుపడి దాస్తే, నొప్పికి ఇచ్చే మందే ప్రాణం తీయవచ్చు. ఇంట్లో ఉన్న సార్బిట్రేట్‌ను కూడా ఆ సమయంలో నాలుక కింద పెట్టకూడదు.

గత ఆరు నెలల్లో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారు డాక్టరు సలహా లేకుండా వీటిని వాడకూడదు. ప్రోస్టేటు వాపుకు మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. చూపు హఠాత్తుగా మందగిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. పటుత్వం నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే అది అత్యవసర పరిస్థితి. తెల్లారేదాకా ఆగితే అంగం శాశ్వతంగా దెబ్బతింటుంది. ఈ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం.

మాత్రలు పనిచేయకపోతే?

దారులు ఇంకా ఉన్నాయి. గాలిపంపు వాటిలో ఒకటి. దీన్ని రూపొందించినవాడు వైద్యుడు కాదు, టైర్ల వ్యాపారి. అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి చెందిన గెడ్డింగ్స్ ఆస్బన్ 1960లలో తన ఇబ్బందికి తానే ఈ సాధనం తయారు చేసుకున్నాడు. 1982లో దానికి అక్కడి ప్రభుత్వ అనుమతి లభించింది. గొట్టంలోని గాలిని లాగేస్తే అంగంలోకి రక్తం చేరుతుంది. అప్పుడు మొదట్లో ఒక రబ్బరు రింగు వేస్తారు. ఆ రింగును అరగంటకు మించి ఉంచకూడదు. మాత్రలు పడనివారికి, గుండె మందులు వాడేవారికి ఇది పనికివస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడిగే వాడాలి.

రెండవది ఇంజెక్షను. అంగంలోకే సన్నని సూదితో మందు ఇస్తే పటుత్వం వస్తుందని 1982లో ఫ్రాన్సు వైద్యుడు రోనాల్డ్ విరాగ్ ప్రకటించారు. మరుసటి ఏడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు గైల్స్ బ్రిండ్లీ అమెరికాలో జరిగిన వైద్యుల సభలో తన ఒంటి మీదనే చేసి చూపించి సభను నివ్వెరపరిచాడు. మొదటి మోతాదు ఆస్పత్రిలో ఇచ్చి, ఇంట్లో ఎలా వేసుకోవాలో నేర్పుతారు. ఎవరో చెప్పారని సొంతంగా ప్రయత్నించరాదు.

ఏదీ పనిచేయనప్పుడు ఆపరేషను చివరి మార్గం. 1973లో అమెరికా సర్జను బ్రాంట్లీ స్కాట్ గాలిబుడ్డ వలె నింపి, తగ్గించగల సాధనాన్ని శరీరం లోపల అమర్చే పద్ధతిని వెలుగులోకి తెచ్చారు. దీనికి లక్షల్లో ఖర్చవుతుంది. వంగే రాడ్లు అమర్చే పద్ధతి అంతకన్నా చవక. ముంబయి వైద్యుడు రూపిన్ షా రూపొందించిన స్వదేశీ రాడ్లు కూడా వాడుకలో ఉన్నాయి. ఒకసారి ఈ ఆపరేషను చేశాక సహజ పటుత్వం మళ్ళీ రాదు కనుక దంపతులిద్దరూ ఆలోచించి నిర్ణయించుకోవాలి.

మగ హార్మోను తక్కువగా ఉందని ఉదయం పూట చేసిన రక్తపరీక్షలో ఒకటికి రెండుసార్లు తేలినవారికి మాత్రమే హార్మోను ఇంజెక్షన్లు అవసరం. పిల్లలు కావాలనుకునేవారు వీటి జోలికి పోకూడదు. బయటి నుంచి హార్మోను వస్తే ఒంట్లో వీర్యకణాల తయారీ తగ్గిపోతుంది. బలానికని ఈ సూదులు పొడిపించుకుని సంతానం కోసం మళ్ళీ ఆస్పత్రుల చుట్టూ తిరిగేవారి పరిస్థితి దయనీయం.

ఆకుమందు పొట్లంలో ఏముంది?

ఉచితంగా దొరికే మందు కూడా ఒకటి ఉంది. పొగ మానడం, తాగుడు తగ్గించడం, షుగరును అదుపులో పెట్టడం, ఒళ్ళు తగ్గించడం. వారంలో నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున చెమట పట్టేలా నడవడం వంటి వ్యాయామం ఆరు నెలలు చేసినవారిలో పటుత్వం మెరుగుపడినట్టు పరిశోధనల్లో తేలింది. ట్రాక్టరు, మోటారు సైకిలు వచ్చాక రైతుకు సైతం నడక తగ్గిందన్నది గమనించవలసిన విషయం.

ఇక లాడ్జి మందుల సంగతి. లైంగిక పటుత్వాన్ని పెంచుతామని ప్రకటనలు చేయడాన్ని 1954లో పార్లమెంటు చేసిన ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. అంటే ఆ గోడరాతే చట్టవిరుద్ధం. 'కేవలం ఆకులు, వేర్లు' అని అమ్మిన పొడులను ప్రయోగశాలల్లో పరీక్షించగా సిల్డెనాఫిల్ కలిపినట్టు అనేక దేశాల్లో బయటపడింది. ఆ పొట్లం వేసుకున్నవాడు సార్బిట్రేట్ వాడే మనిషి అయితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. సరిగా శుద్ధి చేయని కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం కూడా ఉంటాయి. ఆయుర్వేదం మీద నమ్మకం ఉన్నవారు రిజిస్టరయిన ఆయుర్వేద వైద్యుని దగ్గరికి వెళ్ళవచ్చు. ఊరు, పేరు, బోర్డు లేకుండా వారానికో ఊరు తిరిగేవాడి దగ్గరికి మాత్రం కాదు.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి మెట్టు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. ముప్పై ఏళ్ళు దాటినవారికి షుగరు, బి.పి. పరీక్షలు ప్రభుత్వమే ఉచితంగా చేయిస్తున్నది. ఆ రెండు పరీక్షలతోనే సగం సంగతి తేలుతుంది. తర్వాత కొలెస్టరాలు, మూడు నెలల సగటు షుగరు, అవసరమైతే ఇ.సి.జి., హార్మోను పరీక్ష చేస్తారు. అక్కడ తేలకపోతే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి వంటి వైద్య కళాశాల ఆస్పత్రిలోని యూరాలజీ విభాగానికి పంపుతారు. మూత్రపిండాల జబ్బులకు, ప్రోస్టేటు జబ్బులకు కూడా చూసేది ఆ విభాగమే కాబట్టి ఓ.పి. వరసలో నిలబడితే ఎవరూ ఏమీ అనుకోరు.

వీలైతే భార్యను వెంట తీసుకుపోవడం మంచిది. చెప్పకుండా దూరంగా పడుకునే భర్తను చూసి, తనంటే ఇష్టం పోయిందేమోనని ఇల్లాలు కుమిలిపోతుంది. పిల్లలు లేని ఇంట్లో నింద అంతా ఆమె మీదనే పడుతుంది. జబ్బు ఇదీ అని తెలిస్తే సగం గొడవలు సర్దుకుంటాయి. ఊళ్ళోని ఆర్.ఎం.పి.లు, ఆశా కార్యకర్తలు కూడా ఇలాంటివారిని గోడల వైపు కాక ఆస్పత్రి వైపు నడిపిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల చీటీలు, మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాలి. ఎన్నాళ్ళ నుంచి ఇబ్బంది ఉంది, తెల్లవారుజామున పటుత్వం వస్తున్నదా, పొగ, తాగుడు ఉన్నాయా, మెట్లెక్కితే, బరువు మోస్తే ఛాతీ పట్టేస్తున్నదా అన్న ప్రశ్నలు అడుగుతారు. ఏదీ దాచకుండా చెప్పాలి. ముఖ్యంగా చివరి ప్రశ్నకు.